పోతూపోతూ

ఆ సైనిక పాఠశాలలో చివరి ఏడాది పిల్లలు ఊరికే వెళ్లిపోవడానికి వీల్లేదు. ఒక అల్లరి చేసి పోవాలి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ దానికి పేరు మాత్రం స్థిరపడిపోయింది: పోతూపోతూ. “ఈసారి పోతూపోతూ ఏంట్రా?” అని కింది తరగతుల వాళ్లు పరీక్షలు కూడా మరిచిపోయి చెవులు కొరుక్కునేవాళ్లు.

ఒక బ్యాచ్ ప్రిన్సిపాల్ బల్లను కుర్చీతో, పెన్నుల స్టాండుతో, కాలింగ్ బెల్లుతో సహా ఈతకొలను మధ్య తెప్ప మీద పెట్టి పోయింది. ఇంకో బ్యాచ్ హాస్టల్లో ఉన్న ఎడమకాలి బూట్లన్నీ ఒకే తాడుకు గుచ్చేసింది. మరో ఏడాది ఒక గాడిదకు యూనిఫాం తొడిగి క్లాసులో కట్టేస్తే, లెక్కల మాస్టారు ఏమీ ఎరగనట్టు పాఠం మొదలుపెట్టి, “కొత్తవాడు మీకంటే నయంరా, కదలకుండా వింటున్నాడు” అన్నాడు. ఇలాంటివి తరతరాలుగా చెప్పుకుని మురిసిపోయే కథలు.

వస్తువు విరగకూడదు, మనిషి ఏడవకూడదు. అది కట్టుబాటు. ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ఎవరూ నోరు తెరిచి చెప్పాల్సిన పని లేదు. పరేడ్ మైదానంలో అల్లరి ఉండదు. ఎందుకంటే మైదానం మైకు మాస్టారిది.

మైకు మాస్టారంటే డ్రిల్ మాస్టారు. పటాలంలో పనిచేసి వచ్చినాయన. ఆయనకు మైకు అక్కర్లేదని పిల్లలు పెట్టిన పేరు. ఆయన ‘హాల్ట్’ అన్నాడంటే ప్రహరీ అవతల రోడ్డు మీద సైకిల్ తొక్కే పాలవాడు కూడా బ్రేకు వేస్తాడని చెప్పుకునేవాళ్లు. తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. ఆయనకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

ఇక మన తోక సంగతి. చేరిన కొత్తలో వాడు బ్యాచ్ మొత్తానికి పొట్టివాడు. వరుసలో చిట్టచివర నిలబడేవాడు కాబట్టి తోక అయ్యాడు. తర్వాత అందరికంటే పొడుగెదిగాడు గానీ పేరు ఎదగలేదు. వరుస చివరి చోటు కూడా అలాగే వాడికి అతుక్కుపోయింది. క్లాసులో ఫస్టూ కాదు, ఆటల్లో బెస్టూ కాదు. గ్రూపు ఫోటోలో ఎవరిదో భుజం వెనక సగం మొహం కనిపిస్తుందే, అది వీడిది.

ఆ ఏడాది పోతూపోతూ ఏమిటో తేల్చడానికి బ్యాచ్ అంతా మధ్యాహ్నం భోజనమయ్యాక బూట్ల గదిలో చేరింది. పాలిష్ వాసన, తడి మేజోళ్ల వాసన, వాటి మధ్య ఇంతమంది మగపిల్లలు. స్కూల్ కెప్టెన్ పాలిష్ డబ్బాల బల్లమీద కూర్చుని సభ నడుపుతున్నాడు. అందరికంటే ముందు షేవింగ్ మొదలుపెట్టిన ఘనుడు కాబట్టి వాడి పేరు గడ్డం.

“గంట దాచేద్దాం,” అన్నాడొకడు.

“మా అన్నయ్య బ్యాచ్ చేసేసింది.”

“కూరలో ఉప్పు బదులు పంచదార?”

“మన వంటవాడు రోజూ చేసేది అదే కదరా. ఎవరు కనిపెడతారు?” అన్నాడు గడ్డం. అందరూ నవ్వారు. తర్వాత నవ్వు కూడా అయిపోయింది. ఎవరి బుర్రలోనూ ఏమీ లేదు. పరువు పోయేలా ఉంది.

అప్పుడు తోక నోరు జారాడు.

“హాల్ట్ అన్నప్పుడు ఆగకపోతే?”

ఎవరికీ మొదట అర్థం కాలేదు. “అంటే... వీడ్కోలు పరేడ్ చివరి రిహార్సల్లో మాస్టారు హాల్ట్ అంటారు కదా. మనం విననట్టు అలా నడుచుకుంటూ మైదానం దాటేసి, నేరుగా భోజనాల హాల్లోకి వెళ్లి కూర్చుంటే?”

అర్థం కాగానే గది కేకలతో దద్దరిల్లింది. గడ్డం బల్లమీంచి దూకి వాడి వీపు చరిచాడు. “ఒరేయ్ తోకా, ఇన్నేళ్లూ ఎక్కడ దాచావురా ఈ బుర్ర?” మైదానం కట్టుబాటు ఒకడు గుర్తు చేయబోయాడు గానీ వాడి గొంతు ఆ కేకల్లో కొట్టుకుపోయింది. ఇంతమంది చేతులు తన వీపు మీద పడటం తోకకు అదే మొదటిసారి. వాడి మొహమంతా నవ్వైపోయింది. మనిషన్నాక పొగడ్తకు పడిపోని వాడెవడు?

కానీ ఆ ఆలోచన వాడికి ఎక్కడినుంచి వచ్చిందో వాడికి తెలుసు. అక్కడినుంచి రాకూడదు. రానే కూడదు.

సెలవుల్లో మాస్టారి గొంతుకు ఆపరేషన్ అయింది. లోపలేదో చిన్న కణితి. ప్రమాదం లేదన్నారు గానీ గట్టిగా అరవొద్దన్నారు. డ్రిల్ మాస్టారిని అరవొద్దనడమంటే చేపను ఈదొద్దన్నట్టే. ఆయన ఆ సంగతి ఆఫీసులో చెప్పలేదు. చెబితే యూనిఫాం స్టోరులో కూర్చోబెట్టి చొక్కాలు, బెల్టులు ఇమ్మంటారు. రిటైరయ్యే లోపు మిగిలిన పరేడ్‌లైనా తన గొంతుతోనే నడిపించుకోవాలని ఆయన కోరిక. ఆ కోరికలో ఆయనకు తోడు కావలసి వచ్చి, తోకను పిలిచాడు.

“నువ్వు చివర నిలబడేవాడివి. నీకు వినపడితే అందరికీ వినపడినట్టే. సాయంత్రం ఆటల టైములో గోల్‌పోస్టు దగ్గర అటు తిరిగి నిలబడు. నేను హాల్ట్ అంటాను. వినపడితే చెయ్యెత్తు. మొహమాటానికి ఎత్తావంటే మాత్రం నాకు నువ్వు ద్రోహం చేసినట్టే, తెలిసిందా?”

“తెలిసింది మాస్టారూ.”

అలా కొన్ని వారాలు సాగింది. మొదట్లో వాడు చెయ్యెత్తలేదు, నిజంగానే వినపడలేదు. తర్వాత తర్వాత ఆ గొంతు కాస్త బొంగురుపోయి అయినా మైదానం దాటి రాసాగింది. వాడు చెయ్యెత్తిన ప్రతిసారీ అంత పెద్దాయన చిన్నపిల్లాడిలా మురిసిపోయేవాడు. ఒకరోజు వాడు ఊరికే అడిగాడు. “వినపడినా ఎవరైనా ఆగకపోతే మీకెలా తెలుస్తుంది మాస్టారూ?”

ఆయన వింత ప్రశ్న విన్నట్టు చూశాడు. “వినపడ్డాక ఆగకుండా ఎలా ఉంటార్రా? నా పిల్లలు వినపడ్డాక ఆగకుండా ఉండరు.”

అదిగో, ఆ విత్తనమే బూట్ల గదిలో మొలకెత్తింది.

చివరి రిహార్సల్ రోజు ఉదయం ఎండ హాయిగా ఉంది. బ్యాచ్ అంతా బిగపట్టిన నవ్వులతో నిలబడింది. మామూలుగా రిహార్సల్‌కు పెద్దలెవరూ రారు. ఆ రోజు మాత్రం వేదిక పక్కన జీపు ఆగి ఉంది. దాని ముందు కల్నల్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ప్రిన్సిపాల్‌గా వచ్చింది ఈ ఏడాదే. పోతూపోతూ అనే మాట ఆయన చెవిన పడి ఉండదు.

కల్నల్‌ను చూడగానే ఆయన ఎందుకొచ్చాడో తోకకు అర్థమైంది. మాస్టారి గొంతు మారిందని ఎవరో చెప్పి ఉంటారు. వినడానికి వచ్చాడు. ‘ఇవాళొద్దు’ అని ముందువాడి చెవిలో చెప్పాలనుకున్నాడు. ఎందుకొద్దో చెప్పాలంటే ఆపరేషన్ సంగతి చెప్పాలి. ఈ లోపు మాస్టారు ‘మార్చ్’ అననే అన్నాడు, కాళ్లు కదిలాయి.

వేదిక దాటారు. సున్నపు గీత దగ్గరకొచ్చారు.

“స్క్వా...డ్, హాల్ట్!”

గొంతు గంటలా వచ్చింది. ఆపరేషన్ తర్వాత అంత చక్కగా రావడం తోక వినలేదు. చెయ్యెత్తాలన్నంత సంతోషం వేసింది వాడికి. బూట్లు మాత్రం ఆగలేదు. గీత దాటేశారు.

“స్క్వాడ్, హాల్ట్!” ఈసారి ఇంకా గట్టిగా.

ముందు వరుసలో ఎవడో కిసుక్కుమన్నాడు. తోక ఒక్కడు ఆగితే చాలు. చివరివాడు ఆగితే మాస్టారికి అర్థమైపోతుంది, గొంతు అందిందని. ఆగాలనుకున్నాడు. ముందువాడి మడమ లేచింది, వీడి కాలూ లేచింది. మూడోసారి ఆయన అరిచినప్పుడు మాట మధ్యలో గొంతు చీలిపోయి, చివర గాలి మాత్రమే వచ్చింది. అదీ విన్నాడు తోక. అన్నీ విన్నాడు.

భోజనాల హాల్లో కూర్చుని అందరూ పడీపడీ నవ్వారు. ప్రతి ఏడాదీ ఇలాంటప్పుడు మాస్టార్లు వచ్చి, ఉత్తుత్తి కోపంతో చెవులు మెలిపెట్టి, చివరికి తామూ నవ్వేసి టీ తాగి వెళ్లేవాళ్లు. ఆ రోజు తలుపులో కల్నల్ కనిపించాడు. ఆయన వెనక మాస్టారు నిలబడ్డాడు. మెడకు రుమాలు చుట్టుకుని ఉన్నాడు. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

“ఎందుకు ఆగలేదు?” అన్నాడు కల్నల్. “కావాలని చేసి ఉంటే ఇప్పుడే చెప్పండి. ఈ బ్యాచ్‌కి పరేడ్ ఉండదు. మీ అమ్మానాన్నలు వచ్చి ఖాళీ మైదానం చూసిపోతారు.”

మాట్లాడింది మాస్టారే.

“కావాలని చెయ్యరు సార్. వీళ్లు వినపడ్డాక ఆగకుండా ఉండరు. నా గొంతే అందలేదు.” ఆ గొంతు ఇప్పుడు గుసగుసలా ఉంది.

“కెప్టెన్, నువ్వు చెప్పు. వినపడిందా?”

గడ్డం మొహం సున్నం కొట్టినట్టయింది. బ్యాచ్ మొత్తాన్నీ ఒకసారి చూశాడు. “వినపడలేదు సార్.”

కల్నల్‌కు నమ్మకం కుదరలేదు. అప్పుడు మాస్టారు చెయ్యి చాపి తోకను చూపించాడు. “వాణ్ని అడగండి సార్. చివర ఉంటాడు. వాడు నాతో అబద్ధమాడడు.”

హాల్లో ఉన్నవాళ్లందరి చూపులూ వాడి మీద పడ్డాయి. వాడి ఎదురుగా మాస్టారి కళ్లు ఉన్నాయి. గోల్‌పోస్టు దగ్గర చెయ్యి లేస్తుందా లేదా అని చూసే కళ్లే అవి. అమ్మ కొత్త చీర కొనుక్కుని మరీ పరేడ్‌కు బయల్దేరుతోంది. పక్కన గడ్డం బూటు వాడి బూటును తొక్కుతోంది.

“వినపడలేదు సార్,” అన్నాడు తోక.

మాస్టారు తలూపాడు. కోపం లేదు, బాధ కూడా పైకి కనిపించలేదు. “నేను చెప్పాను కదా సార్,” అని, చంకలో ఉన్న డ్రిల్ కర్ర తీసి పక్కన బల్ల మీద, నీళ్ల గ్లాసుల మధ్య మెల్లగా పెట్టేసి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే తెలిసింది. పరేడ్ కొత్త ఇన్‌స్ట్రక్టరు నడిపిస్తాడు. మాస్టారు యూనిఫాం స్టోరుకు మారాడు. ఎవరో పంపించింది కాదు, తానే అడిగి మారాడట.

బ్యాచ్‌లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే తవ్వుకోవాలి. గడ్డం ఒకసారి మాత్రం, “ఆయనకు ఎలాగూ వయసైపోయింది కదరా,” అన్నాడు. ఆ మాట వాడికే నచ్చినట్టు లేదు, దుప్పటి ముసుగు పెట్టేసుకున్నాడు. తోకకు అన్నం సహించలేదు. వీపు మీద ఆ రోజు పడిన చేతులన్నీ ఇంకా అక్కడే ఉన్నట్టుండేది. సిగ్గుతో చచ్చిపోతున్నాననుకున్నాడు. అలా అనుకుంటూనే మూడు పూటలు గడిపేశాడు. అదింకా సిగ్గు.

చివరికి ఆటల టైములో మాస్టారి క్వార్టర్స్‌కు వెళ్లాడు. తలుపు తీసింది మాస్టారి భార్య. పిల్లలందరికీ ఆవిడ పిన్నే.

“రా నాన్నా. నువ్వొస్తావని చెప్తూనే ఉన్నారు. గొంతు ఎక్కువ వాడించకు, ఆయనసలే మొండి,” అని స్టూలు వేసి లోపలికి వెళ్లింది.

మాస్టారు కిటికీ దగ్గర బెల్టు బకిల్ తోముతున్నాడు. స్టోరులో పాతబడి పడేసినవి ఇంటికి తెచ్చుకున్నట్టున్నాడు, ఒళ్లో ఒక కుప్ప ఉంది.

“మాస్టారూ, ఆ రోజు వినపడింది,” అన్నాడు తోక. కూర్చోకుండానే అన్నాడు. కూర్చుంటే చెప్పలేడు. “మూడుసార్లూ వినపడింది. అది పోతూపోతూ. నేనే చెప్పాను ఆ ఆలోచన. అందరికీ వినపడింది. అబద్ధం చెప్పాం.”

ఆయన తోమడం ఆపి వాడి మొహం చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వులో ఎంత ప్రేమ ఉందంటే, దానికంటే చెంపదెబ్బ నయం.

“పిచ్చివాడా. నా మనసు కుదుటపడాలని ఇంత కథ అల్లుకొచ్చావా?”

“కథ కాదు మాస్టారూ, మీ మీదొట్టు.”

“ఒట్లు పెట్టకు. మైదానం మీద పోతూపోతూ ఉండదు. నువ్వు కల్నల్ గారి ముందు, నా ముందు నిలబడి అబద్ధమాడే రకం కాదు. ఆడితే ఇదిగో, ఇలా ఒకళ్ల మీద జాలితో ఆడతావు.” గొంతు పట్టేసింది, దగ్గాడు. “నీకు చెప్పాను కదా, మొహమాటానికి చెయ్యెత్తొద్దని.”

పిన్ని టీ తెచ్చింది. “ఒకందుకు మంచిదే నాయనా, ఇకనైనా గొంతుకు విశ్రాంతి,” అంది. తోక నిలబడే టీ తాగేశాడు. నిజం చెప్పినా నమ్మనంతగా ఆయన తనను నమ్మాడు. అంతటి నమ్మకాన్ని ఏం చేసుకోవాలో వాడికి తెలియలేదు.

పరేడ్ రోజు వచ్చింది. కొత్త ఇన్‌స్ట్రక్టరు మైకులో అరిచాడు, పిల్లలు చక్కగా ఆగారు, చక్కగా తిరిగారు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. మాస్టారు మామూలు చొక్కా వేసుకుని అతిథుల కుర్చీల్లో చివర కూర్చున్నాడు. ప్రతి హాల్ట్‌కూ ఆయన చుబుకం కొంచెం పైకి లేచి దిగుతోంది. తోక అదే చూశాడు. ఇంకేమీ చూడలేదు.

పరేడ్ ముగిసి అందరూ ఫోటోల మీద పడగానే వాడు గడ్డం చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. ఆపరేషన్ నుంచి టీ దాకా అంతా చెప్పేశాడు. గడ్డానికి ఏడుపొచ్చినంత పనైంది. “ముందే చెప్పొచ్చు కదరా సన్నాసీ!”

“చెప్పాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు ఆయనకు రుజువు చేద్దాం, ఆయన గొంతు పోలేదని. రా.”

కబురు క్షణాల్లో బ్యాచ్ అంతా పాకింది. అమ్మానాన్నలను టీ దగ్గర వదిలేసి ఒక్కొక్కడూ మైదానంలోకి వచ్చి వరుసలో నిలబడ్డాడు. గడ్డం వెళ్లి మాస్టారిని బతిమాలాడు. “మాస్టారూ, పోయే ముందు మీ గొంతుతో ఒక్క హాల్ట్ మాస్టారూ. ఒక్కటే.”

“ఎందుకురా, వినపడదు.”

“వినపడకపోతే మైదానం దాటిపోతాం. మీరేం అరవొద్దు. మీకెప్పుడు అనిపిస్తే అప్పుడనండి.”

పిల్లల ముచ్చట తీర్చాలని ఆయన లేచి వచ్చాడు. వాళ్లు ఆయనకు వీపు తిప్పి, గోల్‌పోస్టు వైపు కదిలారు. ఎవడూ నవ్వలేదు. ప్రతివాడి ప్రాణమూ చెవుల్లో ఉంది. తోక అందరికంటే వెనక ఉన్నాడు. నడుస్తున్నారు, నడుస్తున్నారు. ఆయన ఇంకా అనడం లేదు. ఇక అనడేమో అనుకుంటుండగా, మంచినీళ్లు కావాలని ఇంట్లో అడిగినంత మామూలుగా, కాస్త బొంగురుగా వినపడింది.

“హాల్ట్.”

బూట్లన్నీ ఒక్కసారిగా నేలను తాకాయి. ఒక్కటంటే ఒక్క అడుగు కూడా ఎక్కువ పడలేదు.

తోకకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గెలిచామనుకున్నాడు. ఇప్పుడాయన పరుగెత్తుకొస్తాడు, ‘వినపడిందా!’ అని వాడి భుజం పట్టుకుని ఊపేస్తాడు. గోల్‌పోస్టు రోజుల్లో అలాగే చేసేవాడు. వాడు అప్రయత్నంగా చెయ్యెత్తాడు కూడా.

అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. పరుగు కాదు. మామూలు నడక. వరుసల పక్కనుంచి నడిచి, ముందుకు తిరిగి వచ్చి, ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ చివరికి తోక ఎదుట ఆగాడు. ఎత్తిన చేతి వంక చూశాడు.

“వినపడింది,” అన్నాడు.

“వినపడింది మాస్టారూ.”

“ఇంత చిన్నగా అన్నా వినపడింది.”

“అవును మాస్టారూ.”

“అంటే ఆ రోజూ వినపడింది.”

అప్పుడు తెలిసొచ్చింది తోకకు తాము రుజువు చేసిందేమిటో. ఎత్తిన చెయ్యి దించడం కూడా చేతకాలేదు.

“మొన్న ఇంటికొచ్చి చెప్పావు. నేనే నమ్మలేదు.” ఆయన గొంతు బాగానే ఉంది, ప్రతి మాటా స్పష్టంగా వినపడుతోంది. “గొంతు పోయిందంటే సర్దుకున్నాన్రా. వయసొచ్చింది, జబ్బు చేసింది, పోయింది అనుకున్నాను. పిల్లలు పోయారని మాత్రం అనుకోలేదు.”

ఇంకేమైనా అంటాడేమోనని అందరూ ఎదురుచూశారు. తిడితే బాగుండును. ఆయన వెనక్కి తిరిగి, చొక్కా సర్దుకుని, మైదానం అడ్డంగా నడిచి, గేటు పక్కన నిలబడ్డ పిన్ని దగ్గరకు వెళ్లాడు. ఇద్దరూ క్వార్టర్స్ వైపు వెళ్లిపోయారు.

‘డిస్మిస్’ అనకుండా వెళ్లిపోయాడు.

మరిచిపోయాడో, కావాలనే అనలేదో ఎవరికి తెలుసు? ఎండ ముదిరింది. ఎవడూ కదల్లేదు. గడ్డం చెంపల మీద చెమటో కన్నీళ్లో కారుతున్నాయి, తుడుచుకోలేదు. తల్లిదండ్రులు ఒక్కొక్కరే వెతుక్కుంటూ మైదానం అంచుకు వచ్చి, ఇదేదో మర్యాద కాబోలనుకుని ఫోటోలు తీశారు.

తోక వాళ్లమ్మ కొత్త చీర కొంగు నెత్తిన కప్పుకుని గీత దాకా వచ్చింది. “ఒరేయ్, అయిపోయింది కదరా, రా నాన్నా. బండి వెళ్లిపోతుంది,” అని పిలిచింది.

వాడికి వినపడింది. అయినా కదల్లేదు.